జర్మనీ బాల్టిక్ తీరం వెంట దంపతులు సైకిల్ యాత్ర ఎలా చేయాలి?

జర్మనీకి రెండు సముద్ర తీరాలు ఉన్నాయి. ఉత్తర సముద్రం ఒడ్డున కరకట్టల వెంట దారి చదునుగానే ఉంటుంది కానీ, అక్కడ గాలికి అడ్డు ఉండదు. దూరప్రయాణానికి కొత్తవారైన భార్యాభర్తలకు బాల్టిక్ తీరమే అనువైనది. డెన్మార్క్ సరిహద్దు దగ్గరి ఫ్లెన్స్‌బుర్గ్ నుంచి పోలండ్‌ను ఆనుకుని ఉన్న ఊజెడోమ్ దీవి వరకు దాదాపు 1,000 కిలోమీటర్ల సైకిల్ దారి సాగుతుంది. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కనుక, ఫ్లెన్స్‌బుర్గ్‌లో బయలుదేరి తూర్పుకు తొక్కాలి.

ముందుగా రోజుకు ఎంత దూరం వెళ్లాలో నిర్ణయించుకోవాలి. ఇద్దరిలో నెమ్మదిగా తొక్కేవారికి ఏది సుఖమో అదే లెక్క. రెండోవారి బలాన్ని బట్టి పథకం వేసుకుంటే మూడో రోజుకే మాటలు తగ్గిపోతాయి. రోజుకు 50 నుంచి 60 కిలోమీటర్ల చొప్పున, విశ్రాంతి రోజులతో కలిపి మూడు వారాలు కేటాయించుకోవాలి. బరువైన సంచులు బలమైనవారి సైకిలుకే కట్టాలి. ఎదురుగాలి వీచినప్పుడు వారు ముందు వెళుతుంటే, రెండోవారు వారి చాటున వెనకాలే రావచ్చు. మిగతా వేళల్లో నెమ్మదిగా తొక్కేవారే ముందుండి వేగాన్ని నిర్ణయించాలి. దారి చూసే పనిని ఏ పూటకు ఆ పూట ఒకరికే అప్పగించాలి. రెండు ఫోన్లు రెండు దారులు చూపిస్తే తగవు తప్పదు.

రెండు సైకిళ్లకూ ఒకే కొలత టైర్లు ఉండేలా చూసుకుంటే, వెంట తీసుకెళ్లే ట్యూబు దేనికైనా పనికివస్తుంది. టైర్లు కాస్త వెడల్పుగా ఉండటం మంచిది. తూర్పు భాగంలో ఇసుక బాటలు, రాళ్లు పరిచిన పాత వీధులు ఒంటిని కుదిపేస్తాయి. దీపాలు, బెల్లు తప్పనిసరి.

హాంబుర్గ్ నుంచి ఫ్లెన్స్‌బుర్గ్‌కు ప్రాంతీయ రైలులో వెళ్లవచ్చు, అయితే సైకిలుకు వేరే టికెట్ కొనాలి. దూరప్రాంత రైలు ఎక్కదలిస్తే సైకిలుకు స్థలం ముందుగానే రిజర్వు చేసుకోవాలి.

జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కనుక తొందర పడనక్కరలేదు. జూలై, ఆగస్టు నెలల్లో సెలవులకు వచ్చేవారితో తీరం నిండిపోతుంది. అప్పుడు బసలు ముందే చూసుకోవాలి. కనిపించిన చోటల్లా గుడారం వేయడం కుదరదు, క్యాంపింగ్ స్థలాల్లోనే దిగాలి. ఆదివారం చాలా ఊళ్లలో దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి, శనివారం సాయంత్రానికే రొట్టె, పళ్లు, చీజ్ కొని పెట్టుకోవాలి.

విశ్రాంతికి ల్యూబెక్, విస్మార్, ష్ట్రాల్‌సుండ్ పట్టణాలను ఎంచుకోవాలి. ఎర్ర ఇటుకలతో కట్టిన ఎత్తైన చర్చిలున్న ఈ మూడు పాత పట్టణాలూ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. ల్యూబెక్ దాటాక ట్రావెమ్యుండెలో పడవ ఎక్కి ప్రీవాల్ ద్వీపకల్పం చేరాలి. 1990లో దేశం ఏకమయ్యే వరకు రెండు జర్మనీల సరిహద్దు ఆ ఇసుక నేల మీదుగానే సాగేది. ఇప్పుడు అక్కడ సైకిలు దిగవలసిన అవసరం కూడా లేదు.

చివరి మజిలీ ఊజెడోమ్‌లోని ఆల్‌బెక్. కాళ్లలో ఓపిక మిగిలితే, తీరం వెంటే ఉన్న బాట మీదుగా సరిహద్దు దాటి పోలండ్‌లోని ష్వినోఉయ్‌శ్చె దాకా తొక్కి, సాయంత్రానికి ఆల్‌బెక్ తిరిగి వచ్చి రైలెక్కవచ్చు.