మందు కొట్టినా తగ్గని ఆకుమచ్చలు: ఓజోన్ దెబ్బను పోల్చుకోవడం, తట్టుకోవడం

వేరుశనగ, పెసర, సోయా, బీన్స్, టమాటా, పత్తి, పొగాకు పైర్లకు నేల దగ్గరి ఓజోన్ పడదు. జొన్న, మొక్కజొన్న చాలావరకు ఓర్చుకుంటాయి, వరి మధ్యరకం. వాహనాలు, థర్మల్ కేంద్రాలు, కాలుతున్న చెత్త వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఎండకు చర్య జరిపితే ఓజోన్ పుడుతుంది. మధ్యాహ్నం నుంచి నాలుగింటి దాకా దాని జోరు ఎక్కువ. మన దగ్గర వానాకాలంలో తగ్గి, ఎండలు ముదిరేకొద్దీ పెరుగుతుంది. అందుకే యాసంగి పైరు కాయ పట్టే వేళకు దెబ్బ పడుతుంది.

సమస్య 1: ఆకు పైన సన్నని చుక్కలు, అడుగున ఏమీ లేదు

ఈనెల మధ్య గోధుమ, ఎర్ర లేదా తెల్ల చుక్కలు దట్టంగా పడతాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. ముందు ముదురు ఆకులకు వచ్చి, తర్వాత పైకి పాకుతుంది. ఓజోన్ పత్రరంధ్రాల గుండా లోపలికి పోయి కణాల పొరలను తినేయడమే దీనికి కారణం.

మందు కొనేముందు ఆకు తిప్పి భూతద్దంతో చూడండి. అడుగున సన్నని గూడు, కదిలే పురుగులు ఉంటే అది నల్లి. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి పిచికారీ చేయాలి. వేరుశనగలో గుండ్రటి మచ్చ చుట్టూ పసుపు వలయం ఉన్నా, ఆకు అడుగున నల్లటి మచ్చలున్నా టిక్కా తెగులు. లేత ఆకులు పాలిపోయి తెల్లబడితే ఇనుప ధాతు లోపం. లీటరుకు అన్నభేది 5 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము సరిపోతుంది. పత్తి ముదురు ఆకులు ఈనెల మధ్య ఎర్రబడితే మొదట మెగ్నీషియం లోపాన్నే చూడాలి, లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కొట్టాలి.

ఇవేవీ కాకపోతే ఒకదానిపై ఒకటి వాలిన రెండు ఆకులను విడదీసి చూడండి. పై ఆకు నీడ పడినంత మేర కింది ఆకు శుభ్రంగా ఉండి, ఎండ తగిలిన చోటే చుక్కలుంటే ఓజోన్ అనడానికి అది బలమైన ఆధారం. పడిన చుక్క ఏ మందుకూ పోదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

సమస్య 2: మచ్చల్లేవు, అయినా దిగుబడి పడిపోయింది

అసలు నష్టం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది, కంటికి ఆనకపోవడం వల్ల లెక్కలోకి రాదు. లోపలికి పోయిన ఓజోన్‌ను ఎదుర్కోవడానికి మొక్క తన శక్తి ఖర్చుపెడుతుంది. కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, ఆకు గడువుకు ముందే పండుతుంది. గింజలోకి చేరాల్సిన పిండి పదార్థం చేరదు. 2005లో దేశం మొత్తం మీద ఓజోన్ వల్ల గోధుమ సుమారు 35 లక్షల టన్నులు, వరి 21 లక్షల టన్నులు పోయాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తల అంచనా.

నష్టాన్ని కొలవడానికి ఏఓటీ40 అనే లెక్క ఉంది. పగటిపూట ఓజోన్ 40 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో 40 భాగాలు) దాటిన ప్రతి గంటకూ పైన మిగిలినదాన్ని కూడుకుంటూ పోవాలి. రోజుకు 6 గంటలు 55 పీపీబీ ఉంటే, గంటకు 15 చొప్పున ఆ రోజుకు 90 చేరుతుంది. మూడు నెలల్లో 3000 దాటితే గోధుమ దిగుబడి 5 శాతం తగ్గుతుందని యూరప్‌లో గుర్తించారు. పై లెక్కన 34 రోజులకే ఆ గీత దాటుతాం. కాలుష్య మండలి బోర్డు మీద మైక్రోగ్రాముల్లో ఉంటే రెండుతో భాగించండి, దాదాపు పీపీబీ వస్తుంది.

సమస్య 3: దగ్గర్లో ఫ్యాక్టరీ లేదు, పెద్ద రోడ్డూ లేదు

అయినా రావచ్చు. నగర కూడళ్లలో బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడే ఓజోన్‌ను హరించేస్తుంది. గాలివాలున పదుల కిలోమీటర్ల దూరంలోని పల్లెలో అలా హరించేది లేక అది పేరుకుంటుంది. కాబట్టి నగర కేంద్రంలో తక్కువ అంకె కనిపించిందని పొలం సురక్షితం అనుకోవద్దు.

సమస్య 4: బాగా తడిపిన మడిలోనే ఎక్కువ దెబ్బ

నీరు అందిన మొక్క పత్రరంధ్రాలు బాగా తెరుస్తుంది, ఓజోన్ కూడా అంతే ఎక్కువగా పోతుంది. అలాగని పైరు ఎండబెట్టకండి. బెట్ట నష్టం అంతకంటే పెద్దది.

చేయగలిగినవి

సిఫారసు గడువులో ముందుగా విత్తండి, గింజ నిండే దశ మండు వేసవికి చిక్కకుండా ఉంటుంది. ఒకే పొలంలో రెండు మూడు రకాలు పక్కపక్కన వేసి, ఆకు నిలిచిన రోజులు, వంద గింజల బరువు రాసిపెట్టుకోండి. ఎక్కువ దిగుబడినిచ్చే కొత్త రకాల్లో కొన్ని పత్రరంధ్రాలు విశాలంగా తెరవడం వల్ల ఎక్కువ దెబ్బతింటాయి, కాబట్టి రకం ఎంపికలో ఇది చూసుకోవాల్సిన విషయమే. యూరియా అవసరానికి మించి వేయవద్దు, అదనపు నత్రజని నేలలోంచి నైట్రిక్ ఆక్సైడ్‌గా వెలువడి, పల్లె గాలిలో ఎండకు ఓజోన్ పుట్టడానికి ముడిసరుకవుతుంది. వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టె కాల్చకండి. ఆ పొగే పొరుగు చేలో ఓజోన్‌గా మారుతుంది.

ఖాయంగా తేల్చుకోవాలంటే కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలను గానీ ఈడీయూ పరీక్షకు అడగండి. ఇథిలీన్ డైయూరియా అనే ఈ పరిశోధన రసాయనాన్ని లీటరుకు 0.4 గ్రాముల చొప్పున కొన్ని మొక్కల మొదళ్లలో సుమారు పది రోజులకోసారి పోసి, పక్కనే పోయని మొక్కలతో పోలుస్తారు. పోసిన వరుస పచ్చగా నిలబడి, దిగుబడిలో తేడా వస్తే కారణం ఓజోనే. ఇది చేనంతా కొట్టే మందు కాదు, కొట్లో అడగవద్దు.