టూరింగ్ బైక్‌కు మంచి స్పీకర్లు ఎలా ఎంచుకోవాలి?

హార్లీ స్ట్రీట్ గ్లైడ్, రోడ్ గ్లైడ్ లాంటి టూరింగ్ బళ్లలో కంపెనీ స్పీకర్లు ఊళ్లో తిరిగేటప్పుడు బాగానే వినిపిస్తాయి. హైవే ఎక్కి స్పీడు వందకు చేరాక పాట గాలిలో కలిసిపోతుంది. వాల్యూమ్ పెంచితే గరగర మొదలవుతుంది. కొత్త స్పీకర్లు పోటీ పడాల్సింది ఆ గాలి హోరుతోనే. అందుకే కారులో అద్భుతంగా మోగే స్పీకర్ బండి మీద తేలిపోవచ్చు.

గాలి హోరు ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది కాబట్టి ముందు మునిగిపోయేది బేస్. పైగా ఫెయిరింగ్‌లో, అంటే బండి ముందు గాలిని అడ్డుకునే తొడుగులో, స్పీకర్ వెనక బిగుతుగా మూసిన పెట్టె సాధారణంగా ఉండదు. కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు) వెనక నుంచి వచ్చే శబ్దం ముందుకు తిరిగొచ్చి అసలు బేస్‌ను రద్దు చేస్తుంది. హెల్మెట్‌లో ఉన్న చెవికి పాట అర్థం కావాలంటే గాత్రం ఉండే మధ్యస్థాయి స్పష్టంగా, గట్టిగా రావాలి. స్పీకర్‌ను ఆ లెక్కనే చూడండి.

1. ముందు చోటు కొలవండి

1998 నుంచి 2013 దాకా వచ్చిన బ్యాట్‌వింగ్ (స్ట్రీట్ గ్లైడ్‌లో ఉండే, గబ్బిలం రెక్కల ఆకారపు) ఫెయిరింగ్‌లలో 5.25 అంగుళాల స్పీకర్లు పడతాయి. 6.5 పెట్టాలంటే అడాప్టర్ రింగులు కావాలి. 2014 తర్వాతి బళ్ల కోసం మార్కెట్లో ఎక్కువగా దొరికేవి 6.5 అంగుళాలవే. అయినా గ్రిల్ విప్పి స్కేలు పెట్టి చూశాకే ఆర్డర్ పెట్టండి. వ్యాసం సరిపోయినా లోతు దగ్గర దెబ్బ తగులుతుంది: వెనక మ్యాగ్నెట్ వైర్ల కట్టకో, బ్రాకెట్‌కో ఆనుతుంది. ముందు ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకర్) బయటికి పొడుచుకొచ్చి ఉంటే గ్రిల్‌కు తగిలి గలగలమంటుంది.

2. ఓంలు చూడండి

ఓంలు అంటే స్పీకర్ కరెంటుకు ఎంత అడ్డు పడుతుందో చెప్పే లెక్క. పాత స్పీకర్ వైర్లు రెండూ తీసి మల్టీమీటర్‌తో కొలవండి. ముందు మీటర్ ప్రోబులు ఒకదానికొకటి తాకించి, అప్పుడు చూపే అంకెను చివర్లో తీసేయండి. 4 ఓంల స్పీకర్ 3 నుంచి 3.7 మధ్య చూపిస్తుంది, 2 ఓంలది 2 కంటే కాస్త తక్కువ. 2 ఓంలు నడిపే రేడియోకు 4 ఓంలది పెడితే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది, కొత్త స్పీకర్ పాతదానికంటే నీరసంగా మోగుతుంది. 4 ఓంల కోసం చేసిన రేడియోకు 2 ఓంలది పెడితే రేడియో వేడెక్కి ఆగిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది కూడా.

3. వాట్ల కంటే సెన్సిటివిటీ ముఖ్యం

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 'పీక్ వాట్ల'ను పట్టించుకోకండి. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా తట్టుకునే పవర్), అంతకంటే ముందు సెన్సిటివిటీ, అంటే 1 వాట్‌కు 1 మీటరు దూరంలో వచ్చే డెసిబెల్స్. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. రేడియో 20 వాట్లు ఇస్తుందనుకుందాం. 93 డెసిబెల్స్ స్పీకర్ దాంతోనే 106 దాకా వెళ్తుంది. 88 డెసిబెల్స్ స్పీకర్ అంత గట్టిగా మోగాలంటే 63 వాట్లు కావాలి. యాంప్ (రేడియో పవర్‌ను పెంచే యాంప్లిఫయర్) పెట్టే ఉద్దేశం లేకపోతే 91కి తక్కువున్న స్పీకర్ కొనకపోవడమే మంచిది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కొందరు 1 వాట్‌కు కాకుండా 2.83 వోల్టులకు కొలిచి రాస్తారు. అంత వోల్టేజికి 4 ఓంల స్పీకర్ 2 వాట్లు, 2 ఓంలది 4 వాట్లు తీసుకుంటుంది. కాబట్టి పోల్చే ముందు 4 ఓంలదానికి 3, 2 ఓంలదానికి 6 డెసిబెల్స్ తగ్గించుకోండి.

4. ఎండ, వాన

పేపర్ కోన్‌కు వాటర్‌ప్రూఫ్ పూత లేకపోతే ఒక్క వానాకాలంలో పాడవుతుంది. పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవి తీసుకోండి. ఐపీ రేటింగ్‌లో (దుమ్ము, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకెలు) రెండోది నీటిది: 5 ఉంటే నీటి ధారను తట్టుకుంటుంది. ఎండకు, ఉప్పుగాలికి పరీక్షించిన మెరైన్ (పడవల కోసం చేసిన) స్పీకర్లు కూడా పనికొస్తాయి. విశాఖ, కాకినాడ వైపు తిరిగే బళ్లకు అవే మేలు.

5. యాంప్ కావాలంటే లెక్క వేయండి

క్లాస్ డి యాంప్ (తక్కువ కరెంటు వృథాతో పనిచేసే రకం) తప్ప వేరేది వద్దు. రెండు చానళ్లకు 100 వాట్ల చొప్పున ఇచ్చే యాంప్, 85 శాతం సామర్థ్యంతో, 13.8 వోల్టుల దగ్గర ఫుల్ సౌండ్‌లో సుమారు 17 ఆంప్స్ లాగుతుంది. పాటలో సగటు అంతకంటే చాలా తక్కువే, కానీ వైరు, ఫ్యూజ్ మాత్రం ఆ 17కు తట్టుకోవాలి. బ్యాటరీ నుంచి నేరుగా 6 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే 25 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టండి. తర్వాత హెడ్‌లైట్ వేసి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, పాట పెట్టి బ్యాటరీ వోల్టేజి చూడండి. 12.8 కంటే కిందికి దిగి అక్కడే ఉంటే ట్రాఫిక్‌లో బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టే.

2014 తర్వాతి హార్లీ రేడియోల్లో ఈక్వలైజర్ కంపెనీ స్పీకర్లకు సరిపడేలా ఉంటుంది. యాంప్ పెట్టాక కూడా శబ్దం పీలగా ఉంటే స్పీకర్‌ను తిట్టకండి, డీలర్ దగ్గర రేడియో ఫ్లాష్ చేయించండి, అంటే అందులోని సాఫ్ట్‌వేర్ మార్పించండి.

6. బిగించాక

1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను స్పీకర్ వైర్లకు క్షణం పాటు తాకించండి. సెల్ ప్లస్ ఏ వైరుకు తగిలినప్పుడు కోన్ బయటికి వస్తుందో అదే స్పీకర్ ప్లస్. ఒక పక్క తిరగబడితే ఉన్న కాస్త బేస్ కూడా పోతుంది.

యాంప్‌లో హై పాస్ ఫిల్టర్‌ను (తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేది) 100-120 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. యాంప్ లేకపోతే 4 ఓంల స్పీకర్ ప్లస్ వైరుకు సిరీస్‌లో 200 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్ వేయండి, 200 హెర్ట్జ్ కింద బేస్ తగ్గుతూ పోతుంది. వినిపించని బేస్ కోసం కోన్ ఊగిపోవడం ఆగితే గాత్రం శుభ్రంగా వస్తుంది.

గెయిన్ (యాంప్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) చెవితో పెట్టకండి. స్పీకర్లు విప్పి, రేడియో వాల్యూమ్ ముప్పావు వంతుకు పెట్టి, 1000 హెర్ట్జ్ టోన్ వేసి, యాంప్ అవుట్‌పుట్‌లో ఏసీ వోల్టేజి కొలవండి. 4 ఓంలకు 75 వాట్లు కావాలంటే 17.3 వోల్టులు. యాంప్ ఇవ్వగలిగే దానికి మించి పెంచితే శబ్దపు అలల కొసలు తెగి ట్వీటర్ కాలిపోవచ్చు. ట్వీటర్లు ఎక్కువగా పోయేది ఇలాగే.

చెవుల సంగతి కూడా చూసుకోండి. అమెరికాలో వృత్తి భద్రతా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, 100 అయితే 15 నిమిషాలే. గాలి హోరు కూడా ఆ లెక్కలోనే వస్తుంది. కాబట్టి వాల్యూమ్ ఇంకా పెంచాలనిపిస్తే ముందు విండ్‌షీల్డ్ ఎత్తు మార్చి చూడండి.