పడుగు టెన్షన్ నేర్చుకుందాం, 4వ పాఠం: బీము సన్నగైతున్నకొద్దీ ఏమైతది

పడుగు అంటే బట్టల పొడుగు దారాలు. పోయిన పాఠంల కోను దగ్గర డిస్క్ టెన్షనర్ (దారాన్ని బిళ్లల నడుమ ఒత్తి బిగువు పెట్టేది) ఎట్ల పనిచేస్తదో చూసినం. ఈసారి లూము ఎనకకు పోదాం, అంటే బీము (పడుగు దారాలు చుట్టి ఉండే పెద్ద రోలర్), లెటాఫ్ (బీము నుంచి పడుగును కొద్దికొద్దిగ ఇడిచే ఏర్పాటు), దాని తర్వాత ప్యానెల్ మీద కనపడే టెన్షన్ నంబరు. మన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ దిక్కు నుంచి సోలాపూర్, భివండి కార్ఖానాలకు పోయే పిల్లలు ఇప్పుడు రేపియర్, ఎయిర్‌జెట్ అనే కొత్త తీరు లూముల మీద గూడ నిలబడుతున్నరు, అక్కడ జాబర్ (లూములు సరిచేసే మేస్త్రి) చెప్పేది ఒకటే, నంబర్ పెంచు లేకుంటే నంబర్ తగ్గించు. ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తదో తెల్వకుంటే చాతనైన పిల్లగాడు గూడ ఏండ్లకేండ్లు హెల్పర్‌గానే ఉండిపోతడు, నాకు అదే బాధ, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

ముందు పాత పవర్‌లూమే చూడుండ్రి, ఎందుకంటే అసలు సంగతి దాంట్లనే కనపడతది. బీము చివర తాడో గొలుసో చుట్టి, లివర్‌కు బరువు కడతరు కదా, ఆ రాపిడి బీమును పట్టుకుని ఉంటది. పడుగు గుంజితే ఆ రాపిడిని గెలిచి బీము కొంచెం తిరుగుతది. ఇక్కడ రాపిడి మారదు కానీ బీము మీద దారం చుట్టు సన్నగైతుంటది. నిండు బీము అడ్డకొలత 50 సెంటీమీటర్లు, అయిపోయే టైముకు 20 అనుకుంటే, బరువు కదిలియ్యకపోతే పడుగు మీద టెన్షన్ రెండున్నర రెట్లు అయితది. పొద్దుగాల మంచిగ నడిచిన లూము బీము అడుగుకు వచ్చినంక దారాలు తెంపుడు మొదలుపెట్టిందంటే నూలు చెడ్డది అని తిట్టేముందు లివర్ మీద బరువు ఎక్కడుందో చూడాలె. మన పెద్దోళ్లు మధ్యమధ్యల బరువును లోపలికి, అంటే లివర్ తిరిగే మూల దగ్గరికి జరిపేది ఇందుకే, వాళ్లు సూత్రం రాయలే కానీ చేసేది కచ్చితంగ అదే.

ఎలక్ట్రానిక్ లెటాఫ్ ఆ జరిపే పనినే చేస్తది, గుర్తుపెట్టుకోండ్రి. ఎనక బ్యాక్‌రెస్ట్ రోలర్ దగ్గర లోడ్‌సెల్ ఉంటది, పడుగు మొత్తం ఆ రోలర్ మీద ఎంత ఒత్తుతున్నదో చదువుతది, కంట్రోలర్ దాన్ని మీరు పెట్టిన నంబర్‌తోని పోల్చి చూసి సర్వో మోటర్‌ను ఫాస్ట్ చేస్తది లేకుంటే స్లో చేస్తది. బీము 80 సెంటీమీటర్ల నుంచి 20కి దిగేసరికి అంతే పడుగు ఇడవాలంటే అది నాలుగు రెట్లు తిరగాలె, అది మోటర్ చూసుకుంటది, మనం ముట్టేది లేదు.

ఇంక నంబర్ లెక్క. 20 కౌంటు (నూలు సన్నదనం లెక్క) నూలు తీసుకోండ్రి. 590.5ని కౌంటుతోని భాగిస్తే టెక్స్ (వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములో ఆ లెక్క) వస్తది, అంటే 29.5. కాటన్‌కు ఒక్కో టెక్స్‌కు ఒక సెంటీన్యూటన్ (గుంజుడు కొలత, న్యూటన్‌ల నూరో వంతు) దగ్గర లెక్క మొదలుపెట్టొచ్చు, తర్వాత బట్టను బట్టి అటుఇటు చేసుకుంటరు. అట్లయితే ఒక్క దారానికి దగ్గర దగ్గర 30 సెంటీన్యూటన్లు. 2400 దారాలుంటే 72,000 సెంటీన్యూటన్లు, అంటే 720 న్యూటన్లు, మన బరువు లెక్కల 73 కిలోలు. కొన్ని ప్యానెల్స్ కిలోన్యూటన్లల చూపిస్తయి, అక్కడ 0.72 అని పడతది, కొన్నిట్ల కిలోలు, ముందు యూనిట్ ఏందో చూసుకోండ్రి. బీము మారి దారాల లెక్క మారినా పాత నంబరే ఉంచి నడిపిస్తుంటరు చానా మంది, 2400 దారాలకు పెట్టిన 720ని 1800 దారాల బీముకు ఉంచితే ఒక్కో దారం 40 సెంటీన్యూటన్లు మోస్తది. అది తెగకుండ ఎట్లుంటది మరి?

ఇంకో సంగతి, బ్యాక్‌రెస్ట్ మీద పడుగు ఎంత కోణంల మడుగుతదో దాన్ని బట్టే రోలర్ మీద ఒత్తుడు ఉంటది. 90 డిగ్రీలు మడిగితే అది పడుగు టెన్షన్‌కు 1.41 రెట్లు. అందుకే బ్యాక్‌రెస్ట్ ఎత్తు మార్చినంక పాత నంబర్‌ను నమ్మొద్దు, హ్యాండ్ టెన్షన్‌మీటర్‌తోని మళ్ల చూడాలె.

ఇప్పుడు ఈ పాఠంల అన్నిటికన్న పెద్ద మాట. లోడ్‌సెల్‌కు దారాలు కనపడయి, మొత్తమే కనపడతది. 2400ల 24 దారాలు సగం టెన్షన్ మీద వదులుగ ఉన్నయనుకోండ్రి, మొత్తంల తగ్గేది 3.6 న్యూటన్లే. అంతల కంట్రోలర్ మిగిలిన దారాలను ఇసుమంత గుంజి మళ్ల 720 చూపిస్తది, ప్యానెల్ చూస్తే అంతా సక్కగనే ఉంటది, కానీ ఆ 24 దారాలు షెడ్‌ల (అడ్డ దారం పోవడానికి పడుగు తెరుసుకునే సందు) కిందికి ఏలాడి రేపియర్‌కు (ఆ అడ్డ దారాన్ని తీస్కపోయే చెయ్యి) తగిలి తెగుతుంటయి. మీరు నంబర్ పెంచితే బిగువుగ ఉన్నయి ఇంకా బిగుసుకుంటయి, అవి గూడ తెగుడు మొదలుపెడతయి. తప్పు వార్పింగ్‌ల (కోన్ల నుంచి దారాలు బీముకు చుట్టే పని) ఉంటది, క్రీల్ (కోన్లు నిలబెట్టే స్టాండ్) మీద నిండు కోన్లు, సగం కోన్లు కలిపి పెట్టి ఉంటరు, లేకుంటే ఎనక వరుస దారాలకు దూరం ఎక్కువ, గైడ్లు ఎక్కువ, వాటికి టెన్షన్ సహజంగనే పెరుగుతది కాబట్టి డిస్క్ ఒత్తుడు తగ్గించాలె, అది చేయకుండ అన్నిటికి ఒక్కతీరే పెట్టి ఉంటరు. లెటాఫ్ దీన్ని బాగుచేయలేదు, ఎవరు చెప్పినా నమ్మకండ్రి.

కంట్రోలర్ గెయిన్ (టెన్షన్‌ల తేడా కనపడితే మోటర్‌ను ఎంత జోరుగ మార్చాల్నో చెప్పే సెట్టింగ్) గురించి కొంచెం చెప్పి ఇడుస్త. గెయిన్ ఎక్కువైతే బీము ఆగుకుంట ఉరుకుకుంట తిరుగుతది, బట్ట మీద దట్టం పలుచని పట్టీలు పడతయి. మరీ తక్కువైతే టెన్షన్ మెల్లగ పక్కకు జరిగిపోతుంటది. మాస్టర్‌ను అడగకుండ ఆ పేజీ ముట్టకండ్రి.

ఎండకాలం మాట గూడ చెప్పాలె, మన నాందేడ్ ఎండల గాలి ఎట్ల ఎండిపోతదో తెల్సిందే. కాటన్ నేసే కార్ఖానాకు గాలిల తేమ 75 నుంచి 80 శాతం దాక కావాలె, అది పడిపోతే సైజింగ్ (గంజి) పెట్టిన దారం పెళుసైతది, చటుక్కున తెగుతది. అప్పుడు అందరు నంబర్ తగ్గిస్తరు, తగ్గిస్తే షెడ్ సక్కగ తెరుసుకోదు, దారాలు ఒకదానికొకటి అంటుకుని ఇంకా తెగుతయి. తేమ సరిచేయించుండ్రి, నంబర్ అట్లనే ఉండనియ్యండ్రి.

ఈ వారం చేయాల్సింది ఇది. లూము ఆపి, ఎమర్జెన్సీ స్విచ్ ఒత్తినంకనే, పడుగు మీద ఎడమకు, నడుమ, కుడికి అరచెయ్యి పెట్టి ఒత్తి చూడుండ్రి, ఎక్కడ మెత్తగున్నదో రాసుకోండ్రి. తర్వాత అక్కడక్కడ పది పది దారాలకు టెన్షన్‌మీటర్ పెట్టుండ్రి, కానీ ప్రతిసారి లూము ఒకే డిగ్రీ (లూము ఒక చుట్టుల ఎక్కడ ఆగిందో చూపే గుర్తు) మీద, షెడ్ మూసుకున్న కాడనే ఉండాలె, లేకుంటే రీడింగులు పోల్చడానికి పనికిరావు. బీము మీద టెన్షన్ ఉన్నప్పుడు గేర్ ఊడదీయొద్దు, 73 కిలోల గుంజుడు ఒక్కసారి ఇడిస్తే చెయ్యి పోతది.

వచ్చే పాఠంల టవల్ లూము, రెండు బీములు: నేల బీము బిగువుగ, కుచ్చు బీము వదులుగ. మూడో పిక్‌కు (అడ్డ దారం) కుచ్చు ఎట్ల లేస్తదో చూద్దాం, మీరు రాసుకున్న రీడింగులు దగ్గర పెట్టుకోండ్రి, వాటితోనే మొదలుపెడదం.