స్పేస్‌షిప్ సెట్‌లో మూడ్ రావట్లేదా? స్క్రీన్ల జోలికి పోకముందు ఇవి చూడండి

వెబ్ సిరీస్‌కో షార్ట్ ఫిల్మ్‌కో స్పేస్‌షిప్ సెట్ వేసి, మూడ్ రాలేదంటే మనం వెంటనే చేసే పని ఇంకో నాలుగు స్క్రీన్లు, పది ఎల్‌ఈడీ స్ట్రిప్పులు తగిలించడం. దాంతో సెట్ కాస్తా మొబైల్ షోరూమ్ అవుతుంది.

సమస్య: నౌక ప్రమాదంలో ఉంది. చూసేవాళ్లకు మాత్రం హోటల్ లాబీలో కూర్చున్నట్టుంది.

కారణం: లేత గోధుమరంగు గోడలు, కింద కార్పెట్, మూలమూలకీ ఒకేలా పడే వెలుగు. 1987లో మొదలైన టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’లో కెప్టెన్ కూర్చునే బ్రిడ్జ్, అంటే నౌకను నడిపే గది, అచ్చం ఇలాగే ఉంటుంది. అక్కడది పొరపాటు కాదు లెండి. పిల్లాపాపలతో వెయ్యి మందికి పైగా ఉండే నౌక అది, యుద్ధానికి బయల్దేరింది కాదు. కెప్టెన్ వెనక వంపు తిరిగిన ఆ చెక్క రెయిలింగ్ చూస్తే, ఇక్కడ అరుపుల కంటే చర్చలే ఎక్కువని తెలిసిపోతుంది.

పరిష్కారం: గోడలు మార్చక్కర్లేదు, లైట్లు తగ్గించండి. 1994లో అదే బృందంతో సినిమా తీసినప్పుడు బ్రిడ్జ్‌కు కొన్ని మార్పులు చేసి, వెలుగు బాగా తగ్గించారు. ఏడేళ్లు చూసిన గదే బరువుగా కనిపించింది.

సమస్య: ఇరుకు తెలియట్లేదు.

కారణం: సీలింగ్ లేదు. పైనుంచి లైట్లు వేయడానికి వీలుగా కప్పు వదిలేస్తాం. ఇక కెమెరాను కింద పెట్టి పైకి చూపించలేం.

పరిష్కారం: లైట్లను సెట్‌లోనే అమర్చి కప్పు వేయండి. ‘ఫైర్‌ఫ్లై’ (2002) అనే స్పేస్‌షిప్ సిరీస్ వాళ్లు నౌకలో ఒక్కో అంతస్తునూ గదికి గది తగిలేలా, కప్పుతో సహా కట్టారు. అందుకే మనిషి బ్రిడ్జ్ నుంచి నడుచుకుంటూ వంటగదిలోకి వచ్చేస్తుంటే మధ్యలో కట్ అక్కర్లేదు. ఆ వంటగది చూడాలి: పసుపు గోడల మీద పూలతీగలు, పొడవాటి చెక్క బల్ల, చుట్టూ పొంతన లేని కుర్చీలు. చేతిలో డబ్బు ఆడని ఇల్లని ఆ కుర్చీలే చెప్పేస్తాయి. అదే నౌకలో వైద్యం గది మాత్రం నీలంగా, చల్లగా ఉంటుంది.

సమస్య: అన్నీ తళతళలాడుతున్నాయి, టెన్షన్ లేదు.

కారణం: ఏ యంత్రమూ మొరాయించదని ప్రేక్షకుడికి ధీమా వచ్చేసింది.

పరిష్కారం: ఏదో ఒక సౌకర్యం తీసేయండి. 2003లో మళ్లీ తీసిన పాత సిరీస్ ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’లో శత్రు యంత్రాలు చొరబడతాయని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపరు. ఫోన్లకు వైర్లుంటాయి. రిసీవర్ చెవికి పెట్టుకున్న కమాండర్ ఆ వైరు దాటి పోలేడు. ఎంత చెడ్డ వార్తయినా అందరి ముందూ అక్కడే నిలబడి వినాలి. వాళ్ల కాగితాలకు మూలలు కత్తిరించి ఉంటాయి, నాకది మరీ ఇష్టం.

సమస్య: అంతరిక్షంలో ఉన్నట్టే లేదు, ఆఫీసు కారిడార్‌లా ఉంది.

కారణం: గదులన్నీ ఒకే నేల మీద పక్కపక్కనే ఉన్నాయి.

పరిష్కారం: ‘ది ఎక్స్‌పాన్స్’ (2015) సిరీస్‌లో నౌకలు చూడండి. ఇంజిన్ కింద, దాని మీద అపార్ట్‌మెంట్‌లా అంతస్తు మీద అంతస్తు. ఇంజిన్ నౌకను పైకి తోస్తున్నంతసేపే కాళ్లకింద బరువు, అది ఆగితే మనుషులు గాల్లో తేలతారు. బడ్జెట్ లేకపోతే కనీసం ఒక నిచ్చెన పెట్టి, పక్క గదికి వెళ్లాల్సిన మనిషిని పైకి ఎక్కించండి.