గజ్జల హెర్నియా కోడ్: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేశాను

అమలాపురం, భీమవరం వైపు కేస్ షీట్లలో పేషెంటు మాటగా ‘బుడ్డ’ అనే ఉంటుంది. ఆ మాట వరిబీజానికీ, వృషణాల సంచిలోకి దిగిన హెర్నియాకీ రెండింటికీ వాడతారు. మన డెల్టాలో బోదకాలు జబ్బు పాతదే కాబట్టి వరిబీజాలూ ఎక్కువే. కాబట్టి ఆ మాట చూసి కోడ్ వేయకూడదు.

క్లెయిములు వెనక్కి రావడానికి అసలు కారణం ‘స్ట్రాంగ్యులేటెడ్’ (రక్తప్రసరణ ఆగేలా బిగుసుకుంది) అన్న మాట. అది కనపడగానే గ్యాంగ్రీన్ (పేగు చచ్చిపోవడం) కోడ్ కె40.40 వేసేస్తున్నాం. జబ్బులకు కోడ్‌లు ఇచ్చే పట్టిక ఐసీడీ-10-సీఎంలో అది తప్పు. గ్యాంగ్రీన్ లేని స్ట్రాంగ్యులేటెడ్, ఇన్‌కార్సిరేటెడ్ (ఇరుక్కుపోయింది), ఇర్రెడ్యూసిబుల్ (లోపలికి నెట్టలేనిది) మూడూ పేగు అడ్డంకి కిందకే, అంటే ఒకవైపు అయితే కె40.30కే వస్తాయి.

తేల్చేది ఆపరేషన్ నోట్. వేడి సెలైన్ గుడ్డ కప్పాక పేగు రంగు తిరిగి, కదలిక వచ్చిందని రాస్తే కె40.30. నల్లబడి చచ్చిన పేగు కోసి తీశారంటే కె40.40. అడ్డంకి, గ్యాంగ్రీన్ రెండూ ఉంటే గ్యాంగ్రీన్ ఒక్కటే వేయాలి. నోట్‌లో ఏదీ లేకపోతే ఊహించొద్దు, సర్జన్ గారిని అడిగి రాయించుకోవాలి.

పేగు అడ్డంకికి విడిగా దాని సొంత కోడ్ కె56 జోడించకూడదు, హెర్నియా కోడ్‌లోనే అది ఉంది.

చివరి అంకె 1 అంటే అదే వైపు తిరగబెట్టింది. ఎడమవైపు పాత ఆపరేషన్ ఉండి ఇప్పుడు కుడివైపు వస్తే 0 మాత్రమే.

ఆడవాళ్ల కేసుల్లో ఇంకోసారి చూడండి. తొడ మొదట్లో, గజ్జ లిగమెంటు కింద ఉంటే అది ఫెమోరల్ (తొడ) హెర్నియా. అప్పుడు కె41.30 లేదా కె41.40.