"కయాట" అంటోంది, "క్యాట్" అనట్లేదు: ఇంట్లో అక్షరాలు నేర్పేటప్పుడు వచ్చే చిక్కులు

మా పాపకి నాలుగేళ్లు నిండిన వేసవిలో ఒక సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద మూడు కార్డులు పెట్టాను. సి, ఏ, టి. ఒక్కో కార్డు మీద వేలు పెట్టి "క... యా... ట" అంది. బాగానే ఉంది. "మూడూ కలిపి చెప్పమ్మా" అన్నాను. "కయాట" అంది. మళ్ళీ అడిగాను, మళ్ళీ కయాటే. మూడోసారికి నా గొంతు పెరిగింది, దాని కింది పెదవి ముందుకొచ్చింది. ఆ పూటకి కార్డులు డబ్బాలోకి వెళ్లిపోయాయి.

తప్పు దానిది కాదు, నేను నేర్పిన తీరుదని అర్థం కావడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ తరవాత విశాఖలో మా ఎంవీపీ కాలనీలో ఇరుగు పొరుగు పిల్లలతో కూర్చున్నప్పుడు కూడా అదే తేలింది. అక్షరం ముందు చెవికి అందాలి, తరవాత నోటికి, ఆ తరవాత కంటికి, అన్నిటికన్నా చివర చేతికి. మనమేమో అక్షరాభ్యాసం అవ్వగానే పలక చేతికిచ్చి చివరి మెట్టు మీద నిలబెడతాం. కింద రాసిన చిక్కుల్లో చాలావరకు మధ్యలో ఏదో మెట్టు దాటేసినందువల్ల వచ్చినవే. మీ ఇంట్లో ఏది కనిపిస్తోందో అక్కడికే నేరుగా వెళ్లండి, వరసగా చదవక్కర్లేదు.

ఏబీసీడీలు గడగడా చెబుతాడు, విడిగా ఒకటి చూపిస్తే బిక్కమొహం వేస్తాడు

కారణం: వాడికి వచ్చింది పాట, అక్షరాలు కాదు. "ఎల్లెమ్మెన్నోపీ" అనేది ఒకే మాట అని చాలామంది పిల్లల నమ్మకం. అఆలు కూడా అంతే. "అం అః" దాకా ఊపిరి తీయకుండా చెప్పి, మధ్యలో "ఒ" చూపిస్తే మళ్ళీ "అ" నుంచి మొదలుపెట్టి వేళ్ల మీద లెక్కేసుకుంటూ వస్తారు.

పరిష్కారం: వరసని కొన్నాళ్లు పక్కన పెట్టండి. పిల్లల పేరులో ఉన్న అక్షరాలతో మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే అవి "నావి". కూల్‌డ్రింకు సీసా మూతలు ఒక అరడజను పోగేసి, మార్కర్‌తో ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాయండి. మొదటి వారం మూడు చాలు. బియ్యం డబ్బాలో దాచి వెతికించండి, దొరికినదాని పేరు చెబితేనే మూత వాడిది. మూడూ తడుముకోకుండా చెప్పాకే నాలుగోది.

తెలుగు వర్ణమాల 56 అక్షరాలని లెక్క చెబుతాం కదా, ఆ లెక్కతో టెన్షన్ పడకండి. ఌ, ౡ లతో మొదలయ్యే మాట ఒక్కటి చూపించమని పాప అడిగితే నేనైతే చూపించలేను. అ, మ, త, ర, ల, ప, వ, న లాంటివి వస్తే అమ్మ పిలుపులో, కూరల పేర్లలో సగం వచ్చినట్టే.

అక్షరాల శబ్దాలు విడివిడిగా వచ్చు, కలిపి చదవలేదు

మా ఇంటి కయాట ఇదే. తెలుగు ఇళ్లలో ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు నేర్పి, వాటిని కలిపి చదివించే పద్ధతి) ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

తెలుగులో హల్లు ఒంటరిగా బయటికి రాదు, "అ"ని వెంటబెట్టుకునే వస్తుంది. క అంటే క్ + అ. మనకి అది ఎంత అలవాటంటే, ఇంగ్లీషు సి శబ్దం నేర్పేటప్పుడు కూడా "క" అనే నేర్పుతాం. బి అంటే "బ", టి అంటే "ట". పిల్ల వాటిని నిజాయితీగా కలిపితే కయాట కాక ఇంకేం వస్తుంది? అది సరైన లెక్కే, మనం ఇచ్చిన అంకెలే తప్పు.

కాబట్టి ముందు పొల్లు, అంటే అచ్చు కలవని హల్లు, నేర్పాలి. క్, ట్, ప్, స్, ఫ్: ఇవన్నీ గుసగుసలు. పిల్ల చెయ్యి మీ గొంతు మీద పెట్టుకుని "ప్" అనండి, గొంతు కదలదు. "ప" అనండి, జుమ్మంటుంది. "గొంతు నిద్రపోవాలి, నోరు ఒక్కటే పలకాలి" అని ఆట పెడితే మా పాప రోజంతా అదే పనిగా తిరిగింది. బ్, డ్, గ్ లకి గొంతు కాస్త కదలక తప్పదు, వాటిని వీలైనంత పొట్టిగా తెంచేయండి.

రెండోది, సాగే శబ్దాలతో మొదలుపెట్టండి. స్, మ్, న్, ఫ్, ర్, ల్ లని ఊపిరి ఉన్నంతసేపు లాగొచ్చు కాబట్టి పక్క శబ్దంలోకి జారడం తేలిక. క్, ట్, బ్ లు పుట్టగానే ఆరిపోతాయి, కలపడానికి దారం దొరకదు. నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే, క్యాట్‌తో మొదలుపెట్టడం. మార్కెట్లో దొరికే ఫోనిక్స్ పుస్తకాలు చాలావరకు ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ ఆరింటితో మొదలవుతాయి. వాటితోనే స్యాట్, ట్యాప్, పిన్, టిన్, న్యాప్ అని బోలెడు మాటలు వస్తాయి కనుక అదీ మంచి దారే. మన పిల్లలకి మాత్రం అంతకన్నా తేలికైన ద్వారం ఒకటుందని నాకనిపిస్తుంది. సన్, రన్, ఫన్, మడ్. వీటిలో యు పలికేది అచ్చంగా మన "అ" లాగే. కొత్తగా నేర్చుకోవాల్సిన "యా" గొడవ ఉండదు.

మూడోది గుణింతం. దీన్ని పాత చాదస్తం అనుకుంటాం గానీ, మన దగ్గర ఫోనిక్స్ ఎప్పట్నుంచో ఉన్న రూపం ఇదే. మ్ + అ = మ, మ్ + ఇ = మి, మ్ + ఉ = ము. కాకపోతే దాన్ని పాటలా అప్పజెప్పించడంతో ఆ కిటుకు కనపడకుండా పోయింది. మా కాలనీ పార్కులో జారుడుబల్ల ఉంది. పాపని పైన కూర్చోబెట్టి "మ్‌మ్‌మ్" అనమనేదాన్ని, కింద నేను "ఆ" అని రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడేదాన్ని. జారుతున్నంతసేపూ "మ్‌మ్‌మ్", నా దగ్గరికొచ్చి తగిలేసరికి "ఆ!". మా! మరుసటి విడత అట్టముక్క మీద "ఈ". మీ! వెనకాల వంతు కోసం నిలబడ్డ ఒక గుంటడు "నాకేటి? నాకేటి అక్షరం?" అని అడగడం మొదలెట్టాడు. వాడికి "స్" ఇచ్చాం. నాలుగు రోజులకి జారుడుబల్ల అవసరం తీరిపోయింది. టేబుల్ మీద వేలు జరిపినా కలిపేస్తోంది.

క్యాట్ దగ్గరికి మళ్ళీ వెళ్లింది ఆ తరవాతే. ఈసారి "క్యా... ట్" అని రెండే ముక్కలు చేశాను. మన చెవికి అక్షరం అంటే అచ్చుతో కలిసిన ముక్కే, దానికి చివర పొల్లు అతికిస్తే సరి.

ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు చెప్పమంటే తెలియట్లేదు

ఇది చెవి మెట్టు. ఇది రాకుండా అక్షరాలు చూపించడం దండగ. దీనికి పుస్తకం అక్కర్లేదు, సిటీ బస్సు చాలు. కండక్టర్ కేకలే మనకి పాఠం. "మ"తో మొదలయ్యే స్టాపులేంటి? మద్దిలపాలెం, మధురవాడ, మర్రిపాలెం. "గ"తో? గాజువాక, గోపాలపట్నం. "స"తో సిరిపురం, సీతమ్మధార, సింహాచలం.

ఒక విషయం గమనించండి. మద్దిలపాలెం, మర్రిపాలెం ఒకటే మొదలు అని పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు. అందులో ముడసర్లోవ కలిపితే "కాదు, అది ము" అంటారు. తెలుగు చెవి ముక్కలు చేసేది అక్షరం దగ్గరే, అంతకన్నా చిన్న శబ్దం దగ్గర కాదు. చిన్న అద్దం చేతికిచ్చి మ, మి, ము అనమనండి. మూడింటికీ ముందు పెదవులు అతుక్కుంటాయి. కంటితో చూశాక చెవి ఒప్పుకుంటుంది.

"బస్" అంటే "బస్సు", "కప్" అంటే "కప్పు"

కారణం: తెలుగు మాటలు అచ్చుతో ముగియడానికే ఇష్టపడతాయి. బస్సు, పెన్ను, బుక్కు, రోడ్డు అని మనమే వాటికి తోకలు తగిలించాం. ఆ తోక వల్ల చివరి శబ్దం పిల్ల చెవిలో పడదు. బస్ రాయమంటే చివర యు పెడుతుంది.

దీన్ని తప్పని దిద్దొద్దు. తెలుగులో అది బస్సే, అదే ఒప్పు. "తెలుగు బస్సు, ఇంగ్లీషు బస్" అని రెండు పెట్టి ఆడించండి. ఇంగ్లీషు బస్ అన్నప్పుడు గాలి అయిపోయేదాకా "స్‌స్‌స్" అంటూనే ఉండాలి, కుక్కర్ విజిల్‌కి ముందు బుసకొట్టినట్టు. "కప్" అన్నప్పుడు పెదవులు మూసుకుని స్టాచ్యూ, నేను మూడు లెక్కపెట్టేదాకా తెరవకూడదు. ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి కదా, "షిప్" అని స్టాచ్యూ. అల వెనక్కి వెళ్లేటప్పుడు వచ్చే చప్పుడే "ష్". ఆ శబ్దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు, సముద్రం చూసుకుంటుంది.

బ-భ, వ-మ, ప-ష కలగాపులగం

పోలికలున్న అక్షరాలని పక్కపక్కన పెట్టి "ఇది ఇది, అది అది" అని ఒకేసారి నేర్పితే రెండూ కలిసిపోతాయి, విడిపోవు. ఒకటి బాగా స్థిరపడ్డాక రెండు మూడు వారాలు ఆగి రెండోది తీయండి. అప్పుడు తేడా ఒక్కటే చూపించాలి: వ ఉంది, దానికి కొమ్ములా తోక పెరిగితే మ.

భ, ఖ, ధ లాంటి ఒత్తు అక్షరాలది వేరే కథ. "భయం"ని ఇంట్లో అందరం "బయం" అనేటప్పుడు పిల్ల చెవికి తేడా ఎక్కడ దొరుకుతుంది? సన్నటి టిష్యూ ముక్క నోటి ముందు పట్టుకుని బ, భ అనండి. రెండోదానికి కాగితం ఎగరాలి. ఎగరకపోతే ముందు మనం సరిచేసుకోవాలి. మా అత్తగారు చోడిపిండి (రాగిపిండి) పళ్లెంలో పరిచి వేలితో దిద్దించేవారు. బొంబాయి రవ్వైనా, తడి ఇసుకైనా ఒకటే. వేలు గరుకు మీద నడిచిన ఆకారం కంటికి గుర్తుంటుంది.

ఇంగ్లీషు చిన్న బి, డి తారుమారు చేయడం, అంకెలు తిరగేసి రాయడం ఏడేళ్ల దాకా మామూలే. వదిలేయండి.

పెన్సిల్ పట్టుకోనంటుంది, పలక చూస్తే పారిపోతుంది

మా పాప ఎల్‌కేజీలో ఉండగా స్కూలు వాళ్లు రోజుకి రెండు పేజీల కాపీ రైటింగ్ ఇచ్చేవాళ్లు. రెండో పేజీ సగంలో చెయ్యి నొప్పని ఏడ్చేది. వెళ్లి అడిగితే "మిగతా పిల్లలు రాస్తున్నారండీ" అన్నారు. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టి, ఆట ద్వారానే నేర్పమంది. హోంవర్క్ డైరీకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. నేను ఒక పేజీ రాయించి, రెండోది ఖాళీగా పంపేదాన్ని. ఏ ఉపద్రవమూ రాలేదు.

కారణం మొండితనం కాదు, వేళ్లలో బలం ఇంకా చాలకపోవడం. చపాతీ పిండి ఉండలు చేయించండి, బఠాణీలు ఒలిపించండి, బట్టల క్లిప్పులు తీగకి పెట్టించండి. పొడుగు బలపం బదులు విరిగిన ముక్క ఇవ్వండి, అంగుళం ముక్కని పిడికిట్లో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లే ముందుకొస్తాయి. డాబా గోడ మీద నీళ్లు, పాత పెయింటు బ్రష్షుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించడం మా ఇంట్లో అన్నిటికన్నా హిట్. ఎండకి ఆరిపోయేలోపు చదవాలి అన్నది పందెం.

తెలుగు, ఇంగ్లీషు కలిపేస్తోంది

కలపనివ్వండి. ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం పెట్టుకుంటే గందరగోళం తగ్గుతుంది. ఇంగ్లీషు కోసమని ఇంట్లో తెలుగు మానేయడం మాత్రం పెద్ద పొరపాటు. మ్, న్, ప్, ల్ రెండు భాషల్లోనూ అవే. తెలుగులో విన్న చెవే ఇంగ్లీషులోనూ వింటుంది.

ఇవన్నీ చేసినా కదలట్లేదు

ముందు సమయం చూడండి. నాలుగేళ్ల పిల్లకి ఒక విడత అయిదు నుంచి పది నిమిషాలు చాలు, ఆట ఇంకా సరదాగా ఉండగానే ఆపేయాలి.

ఆ తరవాత చెవి. టీవీ సౌండ్ పెంచమంటోందా? పిలిస్తే "ఆఁ?" అని రెండుసార్లు అడుగుతోందా? జలుబు తగ్గకుండా ఉంటోందా, చెవిలో చీము కారుతోందా? చెవిలో నీరు చేరితే శబ్దాలు మందగించి వినిపిస్తాయి, ప్ కీ ట్ కీ తేడా దొరకదు. నాలుగేళ్లు దాటినా పిల్ల మాటలు బయటివాళ్లకి చాలావరకు అర్థం కాకపోయినా సరే, వినికిడి పరీక్ష చేయించండి. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) ఆసుపత్రి ఉంది. మా పక్కింటి బాబుకి మేం మూడు నెలలు "స్" నేర్పబోయాం. చెవులు చూపించి మందులు వాడాక వాడే ఒకరోజు వంటింట్లోకొచ్చి, కుక్కర్ వైపు వేలు చూపించి "స్‌స్‌స్" అన్నాడు.