గుర్రం ఎంత దూరంతో గెలిచింది? వీధిలో పెట్టుకునే సరదా క్విజ్

బరంపురంలో ఉగాదికి తెలుగువాళ్లం ఒకచోట చేరితే క్రికెట్ క్విజ్ పెడతారు, ఏటా ఆ ముగ్గురు కుర్రాళ్లే గెలుస్తారు. ఈసారి గుర్రప్పందేల మీద పెట్టండి. ఎవరికీ ఏమీ తెలీదు కాబట్టి అమ్మమ్మకీ మనవడికీ సమాన అవకాశం.

ముందు 80 అడుగుల తాడు ఒకటి సంపాదించండి. పందేల్లో గెలుపు దూరాన్ని లెంగ్త్‌లలో చెబుతారు. ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు, సుమారు 8 అడుగులు. అంటే మీ తాడు పది లెంగ్త్‌లు. మొదటి ప్రశ్నకి ముందే దాన్ని వీధిలో పరిచి చూపించండి, లేకపోతే అంకెలన్నీ గాల్లో మేడలే.

నలుగురేసి జట్లు కట్టండి, ప్రతి జట్టులో ఒక పెద్దావిడ తప్పనిసరి. ఫోన్లన్నీ బుట్టలో వేయించండి. ప్రశ్న తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చదవండి, పక్కింటివాళ్లూ ఆడతారు. జవాబు చీటీ మీద రాయాలి. దగ్గరి అంకె రాసిన జట్టుకే పాయింటు.

చిన్న దూరంతో మొదలుపెట్టండి. 1981లో ఇంగ్లండ్‌లో జరిగిన ఎప్సమ్ డెర్బీ పందెంలో షెర్గర్ అనే గుర్రం ఎంత తేడాతో గెలిచింది? 10 లెంగ్త్‌లు, సరిగ్గా ఒక తాడు. 1943లో అమెరికాలో జరిగిన బెల్మాంట్ స్టేక్స్ పందెంలో కౌంట్ ఫ్లీట్ అనే గుర్రం? 25.

ఇక అసలు ప్రశ్న సెక్రటేరియట్ అనే గుర్రం గురించి. 1973లో అదే బెల్మాంట్‌లో మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో పరుగెత్తింది, ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. తేడా 31 లెంగ్త్‌లు. జవాబు నోటితో చెప్పి ఊరుకోకండి. ఒక పిల్లాణ్ణి ముగింపు గీత దగ్గర నిలబెట్టి, రెండోవాణ్ణి మూడు తాళ్లు దాటి ఇంకో 8 అడుగులు వెనక్కి నడిపించండి. ఆ దూరం చూసి జనం నోళ్లు వెళ్లబెడతారు.

మధ్యలో ఒక 'ఎందుకు' ప్రశ్న వేయండి. 1967లో ఇంగ్లండ్‌లో గుర్రాలు కంచెలు దూకుతూ పరుగెత్తే గ్రాండ్ నేషనల్ పందెంలో ఫోయినావన్ అనే అనామక గుర్రం 15 లెంగ్త్‌లతో ఎలా గెలిచింది? 23వ కంచె దగ్గర ముందున్న గుర్రాలు ఒకదానిమీదొకటి పడ్డాయి. బాగా వెనకబడి వస్తున్న ఇది సందు చూసుకుని దాటేసింది. దీనికి సరదా జవాబు రాసినవాళ్లకీ అర పాయింటు ఇవ్వొచ్చు, నేనైతే ఇస్తాను.

డబ్బు పందెం మాత్రం వద్దు. బహుమతికి మన ఊరి అప్పడాల కట్ట చాలు.

చివరికి పాయింట్లు సమానమైతే ఇది అడగండి: 1920లో మాన్ ఓ వార్ అనే గుర్రం దాదాపు 100 లెంగ్త్‌లతో గెలిచిన పందెంలో ప్రత్యర్థులెందరు? ఒకే ఒక్క గుర్రం, పేరు హుడ్‌వింక్.